పెరట్లో ఆరు గ్రామప్రియ రకం కోడిపెట్టలు: పెంచవచ్చా?

ఇంటి గుడ్ల కోసమే, అమ్మకానికి కాదు. పెరడు సుమారు 200 చదరపు అడుగులు, చుట్టూ ఇళ్లు. అందుకే పుంజు వద్దు. గుడ్లకు దానితో పనిలేదు, తెల్లవారుజామున కూత తప్పుతుంది.

లెక్క ఇదీ. పెట్టకు రోజుకు 110 గ్రాముల చొప్పున నెలకు 20 కిలోల దాణా. ఏడాదికి ఒక్కోటి 170 పెడితే నెలకు 85 గుడ్లు. దాణా కిలో 35 రూపాయలైతే గుడ్డు 8 రూపాయలు దాటుతుంది, గూడు ఖర్చు కాకుండానే! నూకలు, తవుడు, ఆకుకూరల తుక్కు పెట్టి సగం దాణా తగ్గిస్తే కాల్షియం చాలక తోలుగుడ్లు (పెంకు గట్టిపడనివి) వస్తాయి కదా? గుల్లపిండి విడిగా పెడితే సరిపోతుందా?

గూటికి అర అంగుళం వెల్డ్ మెష్, ముంగిస తవ్వకుండా అడుగు లోతు పూడ్చాలనుకుంటున్నాం. వానాకాలంలో గూట్లో పరిచిన వరిపొట్టు తడిస్తే రక్తపారుడు (కాక్సిడియోసిస్) వచ్చే ప్రమాదం ఉంది, ఎన్నాళ్లకోసారి మారుస్తారు?

అసలు చిక్కు కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా. మామూలుగా దొరికే సీసా వంద డోసులు, ఆపైది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. ఆరు పక్షులకు మీరెలా వేయిస్తున్నారు? అదే తెగులుకు ఎనిమిది వారాల వయసులో వేసే ఆర్‌2బి టీకా కూడా వేసి అమ్మే పెట్టలు దొరుకుతాయా? అది కుదరకపోతే ఈ ఆలోచన మానుకోవడమే నయమంటారా?