ఒక్కపొద్దు పువ్వు అనవచ్చా?

అందరికీ నమస్కారం. నేను ఉండేది నార్త్ కరోలినాలో. పెరట్లో డేలిల్లీలు పెంచుతాను. ఈ పువ్వుకు తెలుగులో ఒక పేరు పెట్టాలని ఉంది. మూడేళ్ల కిందటి జూన్‌లో ఒక పసుపు పువ్వు పుప్పొడి తీసి ఎర్ర పువ్వు కీలాగ్రానికి, అంటే పువ్వు మధ్య ఆడ భాగం కొనకు రాశాను, కాడకు దారం కట్టి గుర్తు పెట్టుకున్నాను. ఇంచుమించు యాభై రోజులకు కాయ పగిలి, నల్లగా మెరిసే గింజలు వచ్చాయి. అలా సంకరం చేసిన మొక్కల్లో ఒకటి ఇప్పుడు మొదటిసారి పూసింది. ఫొటో పంపితే అమ్మ, "లిల్లీ అంటే తెల్లగా ఉండి దండల్లో కట్టేది కదే, ఇదెక్కడి లిల్లీ?" అంది.

అమ్మ అన్నది నిజమే. మన పూల అంగళ్లలో లిల్లీ అంటే నేలసంపెంగ. పైగా డేలిల్లీ అసలు లిల్లీ కానే కాదు. అసలైన లిల్లీకి నేలలో ఉల్లిగడ్డ లాంటి దుంప ఉంటుంది, దీనికి లావుపాటి వేళ్లుంటాయి. 1753లో లిన్నేయస్ అనే వృక్షశాస్త్రవేత్త పుస్తకానికెక్కించిన దీని పేరు హెమెరోకాలిస్. గ్రీకులో హెమెరా అంటే పగలు, కాలోస్ అంటే అందమైనది. పొద్దున విచ్చిన పువ్వు రాత్రికి ముడుచుకుపోతుంది. మర్నాడు అదే కాడకు ఇంకో మొగ్గ విచ్చుతుంది.

అందుకే "ఒక్కపొద్దు పువ్వు" అనాలనిపించింది. పొద్దు అంటే సూర్యుడు, రోజు, వేళ కూడా. కానీ ఒక్కపొద్దు అనగానే ఉపవాసమే గుర్తొస్తుంది కదా. అది అడ్డమవుతుందా?

కడప నుంచి:
అడ్డమెందుకవుతుందక్కా? మా అవ్వ శనివారం ఒక్కపొద్దుండేది. పూర్తిగా మానేయడం కాదు, ఒక్కపూట తినడం. రంజాన్ నెలలో మా వీధిలో వాళ్లు ఉండేదాన్నీ ఒక్కపొద్దు అనే అంటాం. ఒక్కపూట తినేవాళ్లకున్న మాట ఒక్కపూట పూసేదానికి ఎందుకు పనికిరాదు? నాకైతే చాలా నచ్చింది.

విజయవాడ నుంచి:
మాట బాగుందండీ. కానీ మందారమూ ఒక్కరోజు పువ్వే. దానికీ ఇదే పేరు వర్తిస్తుంది కదా?

గద్వాల నుంచి:
మందారానికి పేరుంది కదన్నా, దీనికే లేదు. అక్కా, నాకు నచ్చనిది "సంకరం". వర్ణసంకరం అని తిట్టినట్టు వినిపిస్తుంది. మా దగ్గర విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలల్లో "క్రాసింగ్" అంటాం. సాయంత్రం ఆడ మొక్క మొగ్గల్లో కేసరాలు తీసేసి, మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి రాస్తారు. మీరు చేసిందీ అదే పని.

అడిగినవారు:
క్రాసింగ్ అనే అంటాను తమ్ముడూ. సంకరం రాసేటప్పుడు నాకూ చెయ్యాడలేదు. విజయవాడ వారు చెప్పింది ఒప్పుకుంటాను, అయినా నా మనసు ఈ పేరు మీదే ఉంది. మొక్క పక్కన గుచ్చిన చెక్క మీద "ఒక్కపొద్దు" అని రాశాను. అమ్మకు చెబితే, "ఈరోజు పూసిందా మరి?" అంది. పూసింది, రెండు.