స్నేహితుడు చనిపోయే కథ ఆరో తరగతిలో చెప్పవచ్చా?

ప్రశ్న (లైబ్రరీ పీరియడ్ చూసే టీచర్, గోదావరి పక్క ఊరు):
కిందటేడు సెలవుల్లో మా స్కూలు పిల్లాడొకడు రేవులో మునిగి చనిపోయాడు. ఆ రోజు వాడితో వెళ్లినవాడు ఇప్పుడు నా క్లాసులోనే ఉన్నాడు. పిలిస్తే పలుకుతాడు, అంతే. మేరియన్ డేన్ బావర్ రాసిన ‘ఆన్ మై ఆనర్’ (1986) నా మాటల్లో తెలుగులో చెబుదామనుకుంటున్నా. హెడ్మాస్టారేమో "మానే పుండును కెలకొద్దు" అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు 1:
వద్దండీ. అందులో జోయెల్, టోనీ అని ఇద్దరు స్నేహితులు. ఏట్లో ఇసుకతిన్నె దాకా ఈదుదామని పందెం వేసేది జోయెలే. టోనీకి ఈత రాదు, మునిగిపోతాడు. ఇది చెప్పారంటే క్లాసు మొత్తం తల తిప్పి ఆ పిల్లాడినే చూస్తుంది.

జవాబు 2 (రిటైరైన లైబ్రేరియన్ని):
పై మాట నిజం. క్లాసులో వద్దు. అలాగని పుస్తకాన్ని అటకెక్కించకండి సార్. ఇంటికొచ్చిన జోయెల్ అబద్ధమాడతాడు, టోనీ ఒక్కడే పార్కుకు వెళ్లాడని. ఒంటికి పట్టిన ఏటి వాసన ఎంతకీ వదలదు వాడికి. ఆఖరికి నిజం చెప్పేశాక తండ్రి కొట్టడు, "నీ తప్పేం లేదు నాన్నా" అని దులిపేయడు కూడా. పార్కుకు వెళ్లమన్నది నేనేగా, నాకూ ఇందులో పాలుందంటాడు. నిద్రపట్టేదాకా కొడుకు పక్కనే కూర్చుంటాడు. మన ఇళ్లలో చూడండి, "నీదేం లేదులే, పోయి ఆడుకో" అనేస్తాం. పిల్లాడి నోట్లో మాట నోట్లోనే ఉండిపోతుంది. పెద్దవాళ్లం మనకది హాయి, వాడికి కాదు.

క్లాసుకైతే డోరిస్ బుకానన్ స్మిత్ ‘ఎ టేస్ట్ ఆఫ్ బ్లాక్‌బెర్రీస్’ (1973) తీసుకోండి. జేమీ ఊరికే వేషాలేసే రకం. తేనెటీగలు కుట్టి కిందపడి గిలగిల్లాడుతుంటే, మళ్లీ నాటకం మొదలెట్టాడనుకుని స్నేహితుడు వెళ్లిపోతాడు. వాడికి ఆ విషం పడదని ఎవరికి తెలుసు? ఇందులో అబద్ధం లేదు, పందెం లేదు, నీళ్లు లేవు. "నేను ఆగి ఉంటే" అన్న ముల్లు మాత్రం ఉంది. చివర్లో ఆ కుర్రాడు పళ్లు కోసి జేమీ వాళ్లమ్మకు పట్టుకెళతాడు. అక్కడ నిదానంగా చెప్పండి.

‘బ్రిడ్జ్ టు టెరబీతియా’ (1977) అందరూ చెబుతారు. మంచిదే, కానీ అందులోనూ స్నేహితురాలు పోయేది వాగులోనే.

జవాబు 3:
ముందుగా ఆ బాబు వాళ్లమ్మకు ఒక మాట చెప్పండి. కథ అయ్యాక "నీకేమనిపించింది?" అని వాడిని లేపి అడగొద్దు. మధ్యలో బయటికి వెళతానంటే వెళ్లనివ్వండి.

ప్రశ్న వేసిన టీచర్:
థాంక్యూ మేడమ్, అందరికీ. మాది 40 నిమిషాల పీరియడ్. సగం ఈ వారం, సగం వచ్చే వారం చెబితే?

జవాబు 2:
తేనెటీగల దగ్గర మాత్రం ఆపకండి సార్. అక్కడ బెల్లు కొడితే పిల్లాడు వారమంతా అక్కడే ఉండిపోతాడు. పక్క పీరియడ్ టీచరును బతిమాలుకుని రెండూ కలిపి తీసుకోండి. ‘ఆన్ మై ఆనర్’ సంగతి తర్వాత. వాడు తనంతట తాను ఇంకో కథ అడిగినప్పుడు, ఒక్కడికే, వాళ్లమ్మతో మాట్లాడి.