రాత పరీక్ష గట్టెక్కాక ఇంటర్వ్యూ, మెడికల్, పోలీసు విచారణ: మన సీమ వాళ్ల అనుభవాలు చెప్పండి

ఆదోని కుర్రోడు:
గ్రామీణ బ్యాంకు ఆఫీసర్ స్కేల్-1 మెయిన్స్ పాసయ్యాను. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ (రైలు ఇంజను నడిపే డ్రైవరుకు సహాయకుడు) కూడా రాశాను. నాన్న పత్తి మార్కెట్లో హమాలీ. మా బంధువుల్లో గవర్నమెంటు ఉద్యోగం చేసినవాళ్లు లేరు, అడుగుదామంటే మనిషి లేడు. ఇంటర్వ్యూలో ఏమడుగుతారు, ఆ తర్వాత ఏమేం చూస్తారు? రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

ప్రొద్దుటూరు అక్క:
తమ్ముడూ, సగం దూరం వచ్చేశావు, టెన్షన్ పడొద్దు. ఇంటర్వ్యూకు 100 మార్కులు, కనీసం 40 రావాలి, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 35. చివరి లెక్కలో మెయిన్స్‌ది 80 వంతులు, దీనిది 20.

నాది ప్రొద్దుటూరు అనగానే బంగారం అంగళ్ల గురించి మొదలుపెట్టారు. నిన్ను పత్తి అడుగుతారు, రాసిపెట్టుకో. ఆ తర్వాత బోర్డులో ఒక మేడమ్, "రైతు వేరుశనగ వేశాడు, వాన రాలేదు, అప్పు కట్టలేనంటున్నాడు. మేనేజరుగా ఏం చేస్తావమ్మా?" అన్నారు. మా నాన్నకు రెండేళ్లు వరుసగా అదే జరిగింది. పంట బీమా ఉందేమో చూస్తాను, కరువు మండలంగా ప్రకటిస్తే పంట రుణాన్ని టర్మ్ లోన్‌గా, అంటే కొన్నేళ్లలో వాయిదాల్లో కట్టే అప్పుగా మార్చి గడువు పెంచవచ్చు అన్నాను. "ఎన్నేళ్లు పెంచవచ్చు?" అన్నారు. తెలియదు మేడమ్ అన్నాను. ఆమె తల ఊపి ఇంకో ప్రశ్నకు పోయారు, అంతే. తెలియనిది తెలియదంటే ఏమీ కాదు. కిసాన్ క్రెడిట్ కార్డు మాత్రం బాగా చదువుకో: 3 లక్షల దాకా 7 శాతం వడ్డీ, గడువులోపు కట్టిన రైతుకు 4 శాతమే పడుతుంది.

గుంతకల్లు జంక్షన్:
రైల్వేకు ఇంటర్వ్యూ భయం లేదు. కేంద్రంలో గ్రూప్-సి ఉద్యోగాలకు (లోకో పైలట్ అందులోదే) 2016 జనవరి 1 నుంచి ఇంటర్వ్యూలే తీసేశారు. అసలు గండం మెడికల్. లోకో పైలట్‌కు ఏ-1 అనే మెడికల్ గ్రేడు కావాలి, అంటే అద్దాలు లేకుండా రెండు కళ్లూ 6/6. చుక్కల పుస్తకం చూపించి అంకెలు చదివిస్తారు, రంగుల చూపు కోసం. ఇంకొకటుంది, చాలామందికి తెలియదు. కంటి ముందు ప్లస్ 2 అద్దం పెట్టి బోర్డు చదవమంటారు. అప్పుడు అక్షరాలు మసకబారాలి. అది పెట్టినా స్పష్టంగా కనిపిస్తే ఫెయిల్. నా పక్కన కూర్చున్న అబ్బాయి లేజర్ ఆపరేషన్ చేయించుకుని వచ్చాడు, ఏ-1కు అది పనికిరాదని అక్కడే తెలిసింది. మూడేళ్లు చదివిన పిల్లవాడు వరండాలో మెట్ల మీద కూలబడిపోయాడు. నువ్వు ఈ వారమే ఒక కంటి డాక్టరు దగ్గర చూపించుకో తమ్ముడూ.

జమ్మలమడుగు:
నేను చెప్పేది పోలీసు విచారణ గురించి, కాస్త పెద్దదైనా చదవండి. సెలెక్ట్ అయ్యాక అటెస్టేషన్ ఫారం ఇస్తారు, మన వివరాలు మనమే రాసి సంతకం పెట్టాలి. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు నడిచిందా, బైండోవర్ చేశారా (గొడవలకు పోనని పూచీకత్తు రాయించుకున్నారా), జరిమానా పడిందా అని విడివిడిగా అడుగుతారు. మన ఊళ్లలో పంచాయతీ ఎన్నికల గొడవైతే అక్కడ ఉన్నవాళ్లు, లేనివాళ్లు, అందరి పేర్లూ ఎక్కుతాయి కదా. 19 ఏళ్లప్పుడు నా పేరూ అలాగే ఎక్కింది, 323 సెక్షన్, అంటే కొట్టి గాయపరిచారనే చిన్న కేసు. లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది.

ఫారం ముందు పెట్టుకుని రెండు రోజులు పెన్ను పట్టుకోలేదు. "కొట్టేసిన కేసే కదా, లేదని రాసెయ్" అన్నారు ఊళ్లో పెద్దలు. మా వకీలు ఒప్పుకోలేదు. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఏం చెప్పిందో విప్పి చెప్పాడు: చిన్న కేసును దాచకుండా రాస్తే ఉద్యోగమిచ్చేవాళ్లు దాన్ని వదిలేయవచ్చు, దాచితే మాత్రం చేరాక బయటపడినా తీసేయవచ్చు. 'అవును' అని రాసి, కేసు నంబరు వేసి, లోక్ అదాలత్ అవార్డు కాపీ జతచేశాను. స్పెషల్ బ్రాంచ్ కానిస్టేబుల్ ఊరికొచ్చి రచ్చకట్ట దగ్గర నలుగురిని అడిగిపోయాడు. నాతోపాటు సెలెక్ట్ అయినవాళ్లు చేరిపోయారు, నేను ఇంకో నాలుగు నెలలు ఎదురుచూశాను. ఆర్డరు వచ్చింది. ఐదేళ్లుగా నిశ్చింతగా పనిచేస్తున్నాను.

ఆదోని కుర్రోడు:
అన్నా, నా మీద ఏ కేసూ లేదు. నాన్న మీద మార్కెట్లో గొడవ కేసు ఒకటుంది. అది రాయాలా?

జమ్మలమడుగు:
ఆ ప్రశ్నలు నీ గురించే తమ్ముడూ, నాన్న గురించి కాదు. నిజమే రాస్తున్నావు, భయపడకు.

తాడిపత్రి:
కాగితాలు ఇప్పుడే సర్దుకోండి. బీసీ అయితే మన రాష్ట్రం ఇచ్చే కుల పత్రం బ్యాంకుకు, రైల్వేకు చాలదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం (బీసీల్లో బాగా ఉన్నవాళ్ల కిందికి రామని చెప్పేది) వేరుగా తీసుకోవాలి. పేరు కూడా చూసుకోండి. నా పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరమే ఉంది, ఆధార్‌లో పూర్తిగా ఉంది. దానికోసం ఒక ఆఫీసు చుట్టూ పదకొండు సార్లు తిరిగాను. ఎండాకాలం, బస్సు చార్జీలకు అమ్మ దగ్గర అడుక్కోవాల్సి వచ్చింది. బ్యాంకు వాళ్లు సిబిల్ (మన అప్పులు సరిగా కట్టామా లేదా అన్న రికార్డు) కూడా చూస్తారు, ఫోన్ యాప్‌లో తీసుకున్న చిన్న అప్పు బాకీ ఉన్నా కట్టేసి నో డ్యూస్ లెటర్ తీసిపెట్టుకోండి.

ఆదోని కుర్రోడు:
ఇప్పుడే మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి చూశాను. మెమోలో నా పేరు చివర ఒక అక్షరం తక్కువుంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ గమనించలేదు. సోమవారం పొద్దున్నే మీసేవకు పోతాను, అక్కణ్నుంచి కంటి డాక్టరు దగ్గరికి. ఏమైందో వచ్చి ఇక్కడే రాస్తాను.