కొత్తదని అమ్మిన ల్యాప్‌టాప్ వాడినదని తేలింది. అమ్మకందారూ పలకడు, వెబ్‌సైటూ పట్టించుకోదు. చట్టపరంగా ఏం చేయవచ్చు?

ప్రశ్న: ఖమ్మం జిరాక్స్

సభ్యులందరికీ నమస్కారం. నేను ఖమ్మంలో చిన్న జిరాక్స్, డీటీపీ దుకాణం నడుపుకుంటున్నాను. ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి కోసం పండుగ ఆఫర్లలో ఒక పెద్ద ఆన్‌లైన్ మార్కెట్‌లో రూ. 46,990కి ల్యాప్‌టాప్ కొన్నాను. క్రెడిట్ కార్డు మీద తొమ్మిది నెలల ఈఎంఐ పెట్టాను. పెట్టె సీలు సవ్యంగానే ఉంది కానీ, తెరిచి తిరగేసి చూస్తే అడుగున ఉన్న నాలుగు రబ్బరు బిళ్లల్లో రెండు అరిగిపోయి ఉన్నాయి. అనుమానం వచ్చి మా అమ్మాయి బ్యాటరీ రిపోర్టు తీస్తే అప్పటికే 312 సార్లు ఛార్జింగ్ అయినట్టు చూపింది. పెట్టె మీది సీరియల్ నంబరుకూ యంత్రం అడుగున ఉన్న నంబరుకూ చివరి నాలుగు అంకెలు కలవడం లేదు. అడుగున ఉన్న నంబరును తయారీ కంపెనీ సైటులో కొట్టి చూస్తే వారంటీ మొదలై పద్నాలుగు నెలలైందని వచ్చింది.

మూడో రోజే రిటర్న్ పెట్టాను. వచ్చిన టెక్నీషియన్ ఆన్ చేసి, ఆఫ్ చేసి, ‘లోపం లేదు’ అని రాసుకుని వెళ్లిపోయాడు. ఆ సాయంత్రానికే నా అభ్యర్థనను మూసేశారు. చాట్‌లో ఎన్నిసార్లు అడిగినా ‘మేము వేదిక మాత్రమే, అమ్మకందారును సంప్రదించండి’ అంటున్నారు. అమ్మకందారు ఫోను ఎత్తడు. ఇప్పటికి 26 రోజులు గడిచాయి.

నా సందేహాలు మూడు. వారి నిబంధనల్లో వివాదాలన్నీ బెంగళూరు కోర్టులలోనే తేల్చుకోవాలని ఉంది. నేను అక్కడికి వెళ్లక తప్పదా? కేసు ఎవరి మీద వేయాలి, కనిపించని అమ్మకందారు మీదా, వెబ్‌సైటు మీదా? మూడోది, తెలియక చేసిన పని: ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని దుకాణం కట్టాల్సిన పన్నులో తగ్గించుకోవడం) కలిసి వస్తుంది కదా అని బిల్లును మా దుకాణం జీఎస్టీ నంబరు మీద తీసుకున్నాను. దానివల్ల నష్టమేమైనా ఉందా?

జవాబు 1: హనుమకొండ పాఠకుడు

నేను న్యాయవాదిని కాను. మూడేళ్ల క్రితం ఒక మిక్సీ విషయంలో కన్స్యూమర్ ఫోరం మెట్లెక్కినవాణ్ని మాత్రమే. ముందుగా ఒక మాట చెబుతాను: ఆ ల్యాప్‌టాప్‌ను ఈ రోజు నుంచి వాడకండి. అమ్మాయి చదువుకు ఇబ్బందేనని తెలుసు, అయినా పెట్టెలో పెట్టి పక్కన ఉంచండి. నేను ఆత్రం కొద్దీ మా వీధి మెకానిక్‌తో మిక్సీ విప్పించాను. ఆ తరువాత మోటారు పాతదని ఎంత మొత్తుకున్నా, విప్పిన చేతులే మార్చి ఉండవచ్చు కదా అని అవతలి వకీలు ఒక్క వాక్యంలో తేల్చేశాడు. ఆ తప్పు నాదే.

మీ చేతిలో ఉన్న సాక్ష్యం నాకంటే బలమైనది. తయారీ కంపెనీ అధీకృత సర్వీసు సెంటరుకు తీసుకువెళ్లి, మరమ్మతు అక్కరలేదని చెప్పి, సీరియల్ నంబరు, వారంటీ మొదలైన తేదీ, బ్యాటరీ స్థితి రాసిన జాబ్ షీటు ఒకటి అడిగి తీసుకోండి. మీరు తీసిన స్క్రీన్‌షాట్ కంటే వారి ముద్ర ఉన్న ఆ కాగితానికే విలువ ఎక్కువ.

చాట్‌లో వాదించడం ఇక మానేయండి. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నియమాల ప్రకారం ప్రతి వేదికకూ ఒక గ్రీవెన్స్ ఆఫీసరు, అంటే ఫిర్యాదులు చూసే అధికారి, ఉండాలి, ఆయన వివరాలు సైటులో కనిపించాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటలలో తెలియజేయాలి, నెల రోజులలో పరిష్కరించాలి. ఆయనకే మెయిలు పెట్టండి. అందులోనే అమ్మకందారు చిరునామా, మెయిలు, శాఖల వివరాలు కూడా అడగండి. కొన్న తరువాత వినియోగదారుడు లిఖితపూర్వకంగా అడిగితే ఆ వివరాలు ఇచ్చి తీరాలని ఐదో నియమం చెబుతోంది. ఈలోగా బిల్లు మీద ఉన్న అమ్మకందారు జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో కొట్టి చూడండి; వ్యాపార స్థలం ఎక్కడో అక్కడే కనిపిస్తుంది.

1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో కూడా నమోదు చేయించండి. వారు తీర్పు చెప్పరు, కంపెనీకి పంపి జవాబు రాబడతారు, అంతే. కొన్నిసార్లు ఆ మాత్రానికే డబ్బు వెనక్కి వస్తుంది. నాకు మాత్రం రాలేదు.

జవాబు 2: న్యాయవాది, విజయవాడ

మీ మొదటి సందేహానికి జవాబు సూటిగానే ఉంది: బెంగళూరు వెళ్లనక్కరలేదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుదారు నివసించే చోట, లేదా పని చేసుకునే చోట ఉన్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే (జనం ఇంకా కన్స్యూమర్ ఫోరం అంటారు) ఫిర్యాదు వేయవచ్చు. పాత 1986 చట్టంలో ఈ సౌకర్యం లేదు. వెబ్‌సైటు తన షరతులలో ఏ ఊరి పేరు రాసుకున్నా, చట్టం ఇచ్చిన ఈ హక్కు దానితో పోదు. చెల్లించిన ధర రూ. 50 లక్షల వరకు జిల్లా కమిషన్ పరిధిలోకి వస్తుంది, రూ. 5 లక్షల వరకు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు, మీ కేసు మీరే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు కాబట్టి కంగారు లేదు, కానీ నెలలు దొర్లనివ్వకండి. చాట్ సంభాషణలు వారి సర్వర్లలో ఎంతకాలం ఉంటాయో మనం చెప్పలేం.

రెండో సందేహం. ఇద్దరి మీదా వేయండి. అమ్మకందారు ప్రకటించిన లక్షణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోనని అనకూడదని పైన చెప్పిన ఈ-కామర్స్ నియమాల్లో ఆరోది స్పష్టంగా చెబుతోంది. వేదిక మాత్రం సమాచార సాంకేతిక చట్టం 79వ సెక్షన్‌ను అడ్డం పెట్టుకుని, తాను మధ్యవర్తినేనని తప్పక వాదిస్తుంది. ఆ రక్షణ ఊరికే రాదు. మధ్యవర్తిగా తన బాధ్యతలు పాటించినవారికే వర్తిస్తుంది. మీ కేసులో డబ్బు తీసుకున్నది వేదిక, టెక్నీషియన్‌ను పంపింది వేదిక, ‘లోపం లేదు’ అని అభ్యర్థన మూసినదీ వేదికే. అందువల్ల ఫిర్యాదులో అమ్మకం గురించి ఒక పేరా రాస్తే, ఆ టెక్నీషియన్ రాక గురించి రెండు పేరాలు రాయండి: ఎన్ని గంటలకు వచ్చాడు, సీరియల్ నంబర్లు చూపిస్తే ఏమన్నాడు, ఏం రాసుకున్నాడు. అమ్మకందారు తప్పుతో సంబంధం లేకుండా వేదిక సేవాలోపం అక్కడే నిలబడుతుంది.

మూడోదే అసలు చిక్కు. వాణిజ్య ప్రయోజనం కోసం కొన్నవారు చట్టం దృష్టిలో వినియోగదారులు కారు. జీఎస్టీ బిల్లు చూడగానే అవతలివారు ఈ అభ్యంతరం లేవనెత్తుతారు. అంతమాత్రాన కేసు పోదు. కొనుగోలు వాణిజ్య ప్రయోజనం కోసమేనని నిరూపించే భారం ఎదుటి పక్షానిదేనని 2024 మే నెలలో శ్రీరామ్ చిట్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పైగా స్వయం ఉపాధితో బతుకు వెళ్లదీయడానికే కొన్నదైనా చట్టం దాన్ని వాణిజ్యంగా లెక్కించదు. కానీ ఒకవైపు అమ్మాయి చదువుకని ప్రమాణపత్రంలో రాసి, మరోవైపు దుకాణం లెక్కల్లో ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుని ఉంటే ఆ రెండూ పొసగవు. తీసుకుని ఉంటే ముందు దాన్ని రివర్స్ చేయించి (అంటే వెనక్కి ఇచ్చేసి), ఆ సంగతి ఫిర్యాదులో మీరే బయటపెట్టండి. అవతలివారు బయటపెట్టే వరకు ఆగవద్దు.

ఫిర్యాదుకు ముందు ఇద్దరికీ పదిహేను రోజుల గడువుతో నోటీసు పంపండి. వకీలు నోటీసే కానక్కరలేదు, తెలుగులో మీరు రాసినా చెల్లుతుంది. స్పీడ్ పోస్టులో పంపి, చేరిన వివరం ప్రింటు తీసి ఉంచుకోండి. స్క్రీన్‌షాట్లు, మెయిళ్లు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువపత్రం జతచేయండి. చాలామంది ఇది మరచిపోయి తరువాత చిక్కుల్లో పడతారు. ధర, దాని మీద వడ్డీ, మానసిక వేదనకు పరిహారం, ఖర్చులు విడివిడిగా అడగండి. రూ. 46,990 వస్తువుకు పది లక్షల పరిహారం అడిగేవారిని చూస్తుంటాను. దానివల్ల ఫిర్యాదు బలం తగ్గుతుందే తప్ప పెరగదు.

ఎదుటి పక్షానికి జవాబు ఇవ్వడానికి 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే మరో 15 రోజులు ఉంటాయి. వస్తువును ల్యాబుకు పంపనక్కరలేని కేసులను మూడు నెలల్లో తేల్చాలని చట్టం కోరుతుంది. ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుందని మీరు మనసులో ఉంచుకోవాలి. తీర్పు వచ్చాక డబ్బు చెల్లించకపోతే 72వ సెక్షన్ కింద జైలు శిక్షకు కూడా వీలుంది. పెద్ద కంపెనీలు అంతదాకా తెచ్చుకోవు.

జవాబు 3: కౌంటర్ నంబర్ 3

నేను బ్యాంకులో కార్డుల విభాగంలో పనిచేస్తున్నాను. క్రెడిట్ కార్డు అన్నారు కాబట్టి కమిషన్ కంటే ముందు మా కిటికీ దగ్గరికి రండి. ‘చెప్పిన వస్తువు కాదు, వేరే వస్తువు వచ్చింది’ అనే కారణంతో చార్జ్‌బ్యాక్, అంటే కార్డు మీద చెల్లించిన డబ్బును బ్యాంకు ద్వారా వెనక్కి రప్పించడం, కోరవచ్చు. కార్డు సంస్థల నియమాల్లో దీనికి గడువు సాధారణంగా 120 రోజులే, పైగా బ్యాంకులు ఇంకా ముందే అడుగుతాయి. మీకు 26 రోజులు అయిపోయాయి కనుక ఈ వారమే పెట్టండి. బిల్లు, రెండు సీరియల్ నంబర్ల ఫొటో, రిటర్న్ మూసేసిన మెసేజ్, పైన చెప్పిన జాబ్ షీటు జతచేస్తే చాలు.

ఒక హెచ్చరిక: కోపంతో ఈఎంఐ కట్టడం ఆపకండి. వస్తువు సంగతి వేరు, అప్పు సంగతి వేరు. రెండు వాయిదాలు తప్పితే సిబిల్ స్కోరు దెబ్బతింటుంది, దాన్ని ఏ కమిషనూ బాగుచేయదు. బ్యాంకు 30 రోజుల్లో జవాబు ఇవ్వకపోయినా, ఇచ్చిన జవాబు సబబుగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. చార్జ్‌బ్యాక్‌లో డబ్బు తిరిగి వస్తే ఆ మాట న్యాయవాది గారు చెప్పిన ఫిర్యాదులో తప్పక చేర్చాలి.

జవాబు 4: గద్వాల చీర

ఇదే చోట అడుగుతున్నందుకు మన్నించండి. నేను ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ చూసి గద్వాల పట్టు చీరకు రూ. 8,500 యూపీఐలో పంపాను. చీర రాలేదు, పేజీ మాయమైంది. నాకూ కన్స్యూమర్ ఫోరమేనా?

జవాబు 5: న్యాయవాది, విజయవాడ

కాదమ్మా, మీ దారి వేరు. ఎదుటి పక్షం ఎవరో తెలియనప్పుడు కమిషన్ నోటీసు ఎవరికి పంపగలదు? ఇది సైబర్ మోసం. వెంటనే 1930కు ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో యూపీఐ లావాదేవీ సంఖ్యతో సహా నమోదు చేయండి. ఎంత త్వరగా చెబితే ఆ ఖాతాలో డబ్బును స్తంభింపజేసే అవకాశం అంత ఎక్కువ. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్, ఐటీ చట్టం 66డి వర్తిస్తాయి. తమ పరిధి కాదని పోలీసులు వెనక్కి పంపితే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో సంబంధం లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసేది) అడగండి.

జవాబు 6: ఖమ్మం జిరాక్స్

అందరికీ కృతజ్ఞతలు. చార్జ్‌బ్యాక్ దరఖాస్తు ఈ ఉదయం ఇచ్చాను, ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టేశాను. ఇన్‌పుట్ క్రెడిట్ పోయిన నెల జీఎస్టీ రిటర్నులోనే తీసేసుకున్నామని మా అకౌంటెంట్ చెప్పారు. వచ్చే రిటర్నులో రివర్స్ చేయమన్నాను. అయితే కొత్త సంగతి ఒకటి. హనుమకొండ వారు చెప్పినట్టు అమ్మకందారు జీఎస్టీ నంబరు కొట్టి చూశాను. 07తో మొదలయింది, ఢిల్లీ చిరునామా. కానీ పక్కన రిజిస్ట్రేషన్ రద్దయినట్టు ఉంది. రద్దు అమలైన తేదీ నా బిల్లు తేదీకంటే రెండు నెలలు ముందుది.

జవాబు 7: న్యాయవాది, విజయవాడ

ఆ పేజీని తేదీ, సమయం కనిపించేలా ఇప్పుడే ప్రింటు తీసుకోండి. అధికారులు ఒక్కోసారి వెనుకటి తేదీ నుంచి రద్దు చేస్తుంటారు. కాబట్టి మీరు కొన్న రోజున వేదికకు ఈ సంగతి తెలుసునని ఇప్పుడే రాసేయకండి. ‘ఆ రోజు ఈ అమ్మకందారు రిజిస్ట్రేషన్ ఏ స్థితిలో ఉంది, మీరు దాన్ని ఎప్పుడు సరిచూశారు?’ అని గ్రీవెన్స్ ఆఫీసరుకు రాసే మెయిలులో ప్రశ్నగా అడగండి. జవాబు ఏది వచ్చినా, అసలు రాకపోయినా, ఫిర్యాదులో వేదికను మొదటి ప్రతివాదిగా, అమ్మకందారును రెండో ప్రతివాదిగా చూపండి.

ఇంకొకటి, ఆ క్రెడిట్ రివర్స్ చేయడానికి వచ్చే రిటర్ను దాకా ఆగే వీలుందో లేదో మీ అకౌంటెంట్‌ను ఈ రోజే అడగండి. రద్దయిన నంబరు మీది బిల్లు గురించి రేపు నోటీసు వస్తే అది మీ దుకాణానికే వస్తుంది.