సిలికా కలిసిందని కస్టమ్స్‌లో సరుకును 29వ అధ్యాయం నుంచి 3824కి మార్చారు, ఏం చేయాలి?

ప్రశ్న: మేం ఒక సేంద్రియ సమ్మేళనాన్ని పొడి రూపంలో తెప్పిస్తాం. శుద్ధత 98 శాతం, గడ్డకట్టకుండా 1.5 శాతం సిలికా. ఇన్నాళ్లూ కస్టమ్స్ టారిఫ్ (సుంకాల పట్టిక)లో 29వ అధ్యాయం, అంటే సేంద్రియ రసాయనాల కిందే డిక్లేర్ చేశాం. ఈసారి శాంపిల్ ల్యాబ్‌కి వెళ్లింది. "సిలికా కలిసిన మిశ్రమం" అని రిపోర్ట్ వచ్చింది. ఇప్పుడు 3824 (38వ అధ్యాయంలో రసాయన మిశ్రమాలు వచ్చే శీర్షిక) కింద తేడా సుంకం కట్టమంటున్నారు. సరుకు గోదాములో ఉండిపోయింది, రోజురోజుకీ అద్దె, టెన్షన్ రెండూ పెరుగుతున్నాయి. సీఏఎస్ నంబర్ (ఒక్కో రసాయనానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య) చూపిస్తే సరిపోదా?

జవాబు: సరిపోదండి. ఆ నంబర్ పదార్థం ఏదో చెబుతుంది, పక్కన సిలికా ఎందుకు కలిపారో చెప్పదు. గొడవంతా ఆ "ఎందుకు" మీదే. 29వ అధ్యాయం మొదటి నోట్ తీయండి. నిల్వకో రవాణాకో అవసరమైన స్టెబిలైజర్ కలిపినా సమ్మేళనం అక్కడే ఉంటుంది, గడ్డకట్టనివ్వని పదార్థమూ ఇందులోకే వస్తుందని అక్కడే రాసి ఉంది. సిలికా ఉందా, ఎంత ఉంది అన్నంత వరకే ల్యాబ్ పని. టారిఫ్ లెక్కలో అది మిశ్రమమా కాదా అన్నది ల్యాబ్ తేల్చేది కాదు.

38వ అధ్యాయం మొదటి నోట్ కూడా, కొన్ని మినహాయింపులు పోను, విడి సమ్మేళనాలను బయటికి పంపేస్తుంది. అంటే 29లో నిలబడితే 3824 గోల ఉండదు. చాలామంది టారిఫ్ వర్గీకరణ రూల్స్‌లో తిన్నగా మూడో రూల్‌కి దూకి "ప్రత్యేక వర్ణన" (సరుకును మరింత నిర్దిష్టంగా వర్ణించే శీర్షికకే ప్రాధాన్యం) అంటూ వాదిస్తారు. శీర్షికల మాటలు, నోట్స్ చూసి తేల్చమనే మొదటి రూల్ దగ్గరే తేలేదానికి అంత దూరం ఎందుకు?

తయారీదారు నుంచి ఉత్తరం తెప్పించండి. సిలికా ఏ దశలో కలుపుతారు, 1.5 శాతమే ఎందుకు, కలపకపోతే ఎన్నాళ్లకు గడ్డకడుతుంది అన్నవి పరీక్ష ఫలితాలతో ఉండాలి.

అడిగినవారు: ఉత్తరం ఇస్తారు. కానీ వాళ్ల బ్రోషర్‌లో "ఫ్రీ ఫ్లో గ్రేడ్, పౌడర్ కోటింగ్‌లో నేరుగా వాడవచ్చు" అని ఉంది. ఆఫీసర్ ఆ లైను కింద గీత గీసి ఫైల్లో పెట్టుకున్నారు.

జవాబు: అసలు కథ ఇక్కడుందన్నమాట! అమ్మకం కోసం రాసిన లైను మీ మెడకు చుట్టుకుంది. కలిపినది అవసరానికి మించినా, సరుకును ప్రత్యేకించి ఒక వాడకానికి అనువుగా మార్చినా 29లో ఉండదని హెచ్ఎస్ (టారిఫ్‌కు ఆధారమైన అంతర్జాతీయ సరుకుల వర్గీకరణ) వివరణ నోట్స్ చెబుతాయి. సిలికా లేని గ్రేడ్‌ని కూడా అదే కోటింగ్‌లో వాడుతున్నారని చూపగలిగితే ఆ గీతకు బలం తగ్గుతుంది. చూపలేకపోతే కేసు కష్టమే, దాచను.

మరొకరు: మలినాల విషయంలోనూ ఇదే తర్కం. మిథైల్ అసిటేట్‌లో తయారీలో మిగిలిన మిథనాల్ ఉంటే అది మలినమే. ద్రావణిగా బాగా పనిచేయాలని కావాలనే వదిలేస్తే మాత్రం 3814 (ద్రావణి మిశ్రమాల శీర్షిక)కి పోతుంది. ఆ వివరణ నోట్స్‌లో ఉన్న ఉదాహరణే ఇది.

అడిగినవారు: ఈలోగా సరుకు బయటికి ఎలా?

జవాబు: సుంకం ఖరారయ్యేలోపు గ్యారంటీ తీసుకుని సరుకు వదిలే ఏర్పాటు డబ్ల్యూటీఓ వాణిజ్య సౌలభ్య ఒప్పందంలో ఉంది, అడగండి. ముందస్తు రూలింగ్ (సరుకు రాకముందే వర్గీకరణ తేల్చి చెప్పే ఉత్తర్వు) కూడా అందులో ఉంది కానీ, ఇప్పటికే నడుస్తున్న వివాదం మీద అడిగితే తిరస్కరించవచ్చు. అది కొత్త సరుకులకు పనికొస్తుంది. శాంపిల్లో మిగిలిన భాగాన్ని మళ్లీ పరీక్షించమని మాత్రం ఇవాళే రాసివ్వండి.

అడిగినవారు: రాసిచ్చేశాను. సిలికా లేని గ్రేడ్ కూడా వాళ్లే అమ్ముతున్నారట, దాని డేటా షీట్ అడిగాను.