ఎం36 బోల్టులు హైడ్రాలిక్ టార్క్ రెంచ్‌తోని విప్పుడు, బిగించుడు – తెలిసినోళ్లు జెర చెప్పుండ్రి

ఖని_ఫిట్టర్
అందరికి నమస్తే. మాది గోదావరిఖని, షట్‌డౌన్ పనులకు పోతుంటం. ఇప్పుడు ఒక సిమెంట్ ప్లాంట్ల మిల్లు గేర్‌బాక్స్ కాడ ఉన్నం. గేర్‌బాక్స్‌కు షాఫ్ట్‌కు నడుమ ఫ్లాంజ్ కప్లింగ్ ఉంటది గదా, దాని బోల్టులు ఎం36 (అంటే 36 మిల్లీమీటర్ల లావు), 10.9 గ్రేడు (మస్తు గట్టి రకం), ఏండ్ల సంది ఎవ్వలు ముట్టినట్టు లేరు, దారాల పొంటి సిమెంట్ దుమ్ము పట్టి గడ్డ కట్టింది. రింగ్ పానా పెట్టి సమ్మెటతోని కొట్టినం, పానాకు పైపు తొడిగి ముగ్గురం వేలాడినం, ఒక్కటి గూడ కదలలే. కాంట్రాక్టర్ ఎక్కడికెళ్లో హైడ్రాలిక్ టార్క్ రెంచ్ (నూనె ప్రెషర్‌తోని నట్టు తిప్పే టూల్), పంపు కిరాయికి తెచ్చిండు గని దానెంబడి ఎంత ప్రెషర్‌కు ఎంత టార్క్ వస్తదో చెప్పే చార్టు లేదు, బుక్కు లేదు. పంపు మీద గేజ్ 700 బార్ దాకా ఉన్నది. ఎంత ప్రెషర్ పెట్టాలె, రియాక్షన్ ఆర్మ్ దేనికి ఆనియ్యాలె, మళ్ల బిగించేటప్పుడు ఎట్ల? మనం ఇప్పటిదాక చేతి టార్క్ రెంచ్ తప్ప వాడలే.

కాజీపేట_మెకానికల్
తమ్మీ, చార్టు లేకుండ ఆ పంపు ఆన్ చెయ్యకు, గంతే. గేజ్ మీద కనవడేది నూనె ప్రెషర్, టార్క్ (నట్టును తిప్పే జోరు) కాదు. ఏ టూల్‌కు ఆ టూల్ చార్టు వేరే ఉంటది. లెక్కకు చెప్తున్న, 700 బార్ కాడ 4300 న్యూటన్ మీటర్ ఇచ్చే టూల్ అయితే 2560 కావాలంటే 417 బార్ కాడ వస్తది, అదే 417 ఇంకో పెద్ద టూల్‌కు పెడితే బోల్టు సాగి పోతది. టూల్ మీద మోడల్ నంబర్ కొట్టి ఉంటది, ఫోటో తీసి కిరాయికి ఇచ్చినోనికి పంపించి, చార్టు, కాలిబ్రేషన్ సర్టిఫికెట్ రెండూ అడుగు. ఇయ్యకపోతే టూల్ వాపస్ చెయ్యమను.

ఇగ రియాక్షన్ ఆర్మ్. టూల్ నట్టును ఒక దిక్కు తిప్పుతుంటే ఆర్మ్ గంతే జోరుతోని ఉల్టా దిక్కు తోస్తది, అందుకే దానికి కదలని ఆసరా ఉండాలె. కప్లింగ్‌ల అయితే పక్క నట్టు మంచి ఆసరా. ఆర్మ్ అడుగు మొత్తం సాపుగ ఆనాలె, కొసకు ఆనితే జారి ఎగురుతది. వేళ్లు పోయేది ఎక్కువ ఈడనే, ఆర్మ్‌కు ఆసరాకు నడుమ చెయ్యి పెట్టి "ఆఁ కానియ్" అంటరు, అవుతల పంపు కాడోడు బటన్ నొక్కుతడు. రిమోట్ పట్టుకున్నోడే టూల్‌ను సూస్తుండాలె, ఇద్దరు చేసే పని అయితే ఒక్కడే మాట చెప్పాలె. అవుతలి దిక్కు బోల్టు తల తిరగకుండ బ్యాకప్ పానా పెడుతరు గదా, దాన్ని గూడ చేతితోని పట్టుకోవద్దు, కట్టెయ్యాలె.

సాకెట్ ఇంపాక్ట్‌దే వాడుండ్రి, నల్లగ ఉంటది. మెరిసే క్రోమ్ సాకెట్ పగిలి ముక్కలు మొఖం మీదికొస్తయి. మామూలు ఎం36 నట్టుకు 55 సైజు, స్ట్రక్చరల్ నట్లు అయితే 60 ఉంటది, ముందుగాల కొలుసుకోండ్రి.

పాత_ఫోర్‌మన్
ఇంత లొల్లి ఎందుకు బిడ్డా. గ్యాస్ కట్టర్ పెట్టి నట్టు ఎర్రగ కాలవెట్టు, రింగ్ పానా పెట్టి రెండు దెబ్బలు ఎయ్యి, వస్తది. మేము ఎన్ని మిల్లులు ఇప్పలే గట్ల.

కాజీపేట_మెకానికల్
కాకా, మీరు ఇప్పింది నిజమే, కాదంటలేను. గని 10.9 బోల్టు అంటే గట్టిదనం కోసం కాల్చి చల్లార్చి మళ్ల టెంపర్ చేసిన ఉక్కు. ఎర్రగ కాలవెడితే ఆ గట్టిదనం పోతది, తల మీద 10.9 అని అచ్చు గట్లనే ఉంటది, లోపల సరుకు వేరే. కాలవెట్టిన బోల్టు, నట్టు రెండూ స్క్రాప్‌ల ఎయ్యాలె, మళ్ల పెట్టొద్దు. నట్టు పోయినా పర్వాలేదు అనుకుంటే నట్టు స్ప్లిటర్‌తోని చీల్చుడే నయం, బోల్టు దారం చెడకుండ చూసుకోవాలె.

ఖని తమ్మీ, ముందుగాల దారాలు వైర్ బ్రష్‌తోని రుద్ది, పెనిట్రేటింగ్ ఆయిల్ కొట్టి రాత్రంత ఇడిసిపెట్టు, గ్యాస్ నూనె గూడ ఎంతో కొంత పని చేస్తది గని దానికి దగ్గర్ల వెల్డింగ్ ఉండొద్దు. తుప్పు పట్టిన నట్టు కదిలిచ్చెతందుకు బిగించిన దానికి ఒకటిన్నర, రెండింతల టార్క్ దాక గుంజుతది, టూల్ సైజు అది చూసి ఎంచుకోవాలె. ఒక్క నట్టును పూర్తిగ ఊడవీకి రెండోదానికి పోవద్దు. అన్నిటిని ఎదురెదురు వరుసల కొంచెం కొంచెం వదులు చెయ్యాలె, లేకపోతే ఆఖరున మిగిలిన రెండు మూడింటి మీద లోడు మొత్తం పడి అవి ఇంకా బిగుసుకుంటయి.

ములుగు_రోడ్_ఇంజినీర్
బిగించుడు గురించి నేను చెప్త, ఎందుకంటే విప్పేటప్పుడు కంటే ఈడనే ఎక్కువ కరాబ్ చేస్తరు. టార్క్ లెక్క సాదాగ టీ = కే × డీ × ఎఫ్. డీ అంటే బోల్టు సైజు మీటర్లల, ఎఫ్ అంటే బోల్టుల రావాల్సిన గుంజుడు, కే అంటే రాపిడి లెక్క. ఎం36, 10.9కు ప్రూఫ్ లోడ్ (బోల్టు సాగిపోకుండ ఓర్చే లోడు) దగ్గర దగ్గర 678 కిలోన్యూటన్లు, దాంట్ల ముప్పావు వంతు తీసుకుంటే 509. పొడి దారానికి కే 0.2 అనుకుంటే 3660 న్యూటన్ మీటర్ కావాలె. మంచి లూబ్రికెంట్ పూసి కే 0.14కు పడితే 2560 చాలు. ఇప్పుడు ఎవడో పొడి దారానికి రాసిన 3660 చూసి, దారానికి గ్రీజు పూసి అదే పెట్టిండనుకో, బోల్టు మీద 726 కిలోన్యూటన్లు పడతయి, ప్రూఫ్ లోడ్ దాటిపాయె. టార్క్ రెంచ్ మంచిగనే ఉంటది, గేజ్ మంచిగనే ఉంటది, బోల్టు సాగుతది. నేను చెప్పిన అంకెలు లెక్క తెలిసెతందుకే, మీ కప్లింగ్‌కు గేర్‌బాక్స్ బుక్కుల ఏది రాసిందో అదే, దాంట్ల ఏ లూబ్రికెంట్ అన్నది గూడ చూడుండ్రి. నట్టు కింద వాషర్ ఆనే మొఖం గూడ పూయాలె, రాపిడి అక్కడ గూడ ఉంటది.

వరుస ఏమో, చేతితోని అన్నీ బిగించినంక 30 శాతం, తర్వాత 60–70, తర్వాత పూర్తి, మూడు సార్లు ఎదురెదురుగ. ఆఖరుకు పూర్తి ప్రెషర్ మీదనే చుట్టూ గుండ్రంగ ఒక రౌండ్, ఏ నట్టు కదలనిదాక.

ఖని_ఫిట్టర్
మస్తు థ్యాంక్స్ అన్నా. చార్టు వచ్చింది, మూడు నట్లు తప్ప అన్నీ ఇప్పినం, ఆ మూడింటికి నట్టు స్ప్లిటర్ తెప్పిస్తున్నం. కొత్త బోల్టులతోని బిగించుడు షురూ చేస్తే ఒక నట్టు మీద టూల్ పట్టేసుకున్నది, గుంజినా వస్తలేదు. ఇంకోటి, గేజ్ పెట్టిన ప్రెషర్‌కు వచ్చింది అంటే నట్టు అయిపోయినట్టేనా?

కాజీపేట_మెకానికల్
సుత్తె మాత్రం ముట్టకు! రియాక్షన్ ఆర్మ్ ఆసరాకు గట్టిగ తన్ని పట్టుకుంటది, అందుకే ఊడదు. బటన్ నొక్కి ప్రెషర్ పెంచు, అది అట్ల ఉండంగనే టూల్ మీద చిన్న పాల్ లీవర్ (టూల్ లోపలి పండ్లను వెనుకకు తిరగనియ్యని కొక్కేన్ని ఇడిపించేది) ఉంటది, దాన్ని వెనుకకు గుంజి పట్టుకొని బటన్ ఇడిసిపెట్టు. లీవర్ ఇడవకుండనే టూల్ సులువుగ వదులయితది.

గేజ్ ముచ్చట మంచిగ అడిగినవ్. పిస్టన్ కొసకు పోయినా గేజ్ పెట్టిన ప్రెషర్‌కు వస్తది, నట్టు ఆగినా వస్తది. చానా మంది మొదటిదాన్నే చూసి అయిపాయె అనుకొని పక్క నట్టుకు పోతరు. బటన్ ఇడువు, పిస్టన్ వెనుకకు వచ్చి టక్కుమన్న సప్పుడు ఇను, మళ్ల నొక్కు. సాకెట్ కొంచెం తిరిగినా పని కాలే. సాకెట్ కదలకుండనే ముల్లు నేరుగ పెట్టిన ప్రెషర్‌కు పోతే అప్పుడు అయినట్టు.

ప్రెషర్ సెట్ చేసుడు టూల్ నట్టు మీద పెట్టకముందే, తక్కువ నుంచి పెంచుకుంట పో. ఎక్కువయితే కిందికి దించి మళ్ల ఎక్కియ్యాలె.

పాత_ఫోర్‌మన్
మంచిది, నేర్చుకోవలసిందే. ఒక మాట నేను గూడ చెప్త, హోస్ కప్లర్లు (నూనె పైపులను టూల్‌కు కలిపే జోడింపులు) రెండూ చేతితోని ఆఖరి దారం దాక తిప్పుండ్రి. రిటర్న్ దిక్కుది సగమే పట్టిందంటే నూనె ఎనుకకు పోను దారుండదు, పిస్టన్ ముందట ప్రెషర్ మస్తు పెరిగి టూల్ పగుల్తది. హోస్ మెలికలు పడనియ్యొద్దు, ఎక్కడన్న కారుతుంటే వేలు పెట్టి చూడొద్దు, నూనె తోలు చీరి లోపలికి పోతది.

ఖని_ఫిట్టర్
లీవర్ గుంజంగనే వచ్చింది కాకా, అన్నా. కప్లర్ ఒకటి నిజంగనే సగం దారం మీద ఉండె, పూర్తిగ తిప్పినం. ఇంకో డౌటు, పంపు మోటర్ శాన వేడెక్కుతున్నది, నడుమల నడుమల గుర్రుమని ఆగుతది.

ములుగు_రోడ్_ఇంజినీర్
ఎక్స్‌టెన్షన్ బోర్డు ఎంత పొడుగున్నది? సన్న వైరు దూరం గుంజితే వోల్టేజ్ పడిపోయి మోటర్ వేడెక్కుతది. మందం వైరు పెట్టండ్రి, పంపును దగ్గరి పాయింట్‌కు తేండ్రి. నూనె లెవల్ గూడ చూడుండ్రి.