శుద్ధి కేంద్రంలో వచ్చే వాసనలను ఎలా వర్గీకరించి రాయాలి?

ప్రశ్న:
మురుగునీటి శుద్ధి కేంద్రంలో మా షిఫ్టు రిజిస్టరు నిండా ‘దుర్వాసన’ అన్న ఒక్క మాటే కనిపిస్తోంది. అది మురుగు లోపలికి వచ్చే చోట పుట్టిందో, బురదను చిక్కబరిచే ట్యాంకులో పుట్టిందో ఆ మాటను బట్టి తేల్చలేము. ఏ ఆపరేటర్ రాసినా ఒకే అర్థం వచ్చేలా వాసనలను వర్ణించే పద్ధతి ఉందా?

జవాబు 1:
ఉంది. ఇందుకోసం ‘వాసనల చక్రం’ అనే పటాన్ని వాడతారు. అందులో స్థూలమైన వర్గాలు, వాటికి చెందిన నిర్దిష్టమైన పోలికలు, ఆ వాసనలకు కారణమయ్యే రసాయనాలు వరుసగా ఉంటాయి. కుళ్లిన గుడ్డు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది కాగా, కుళ్లిన క్యాబేజీ వాసన మీథైల్ మెర్‌కాప్టాన్‌ది. ఈ రెండూ గంధక సమ్మేళనాలే అయినా వాటిని కలిపి రాయకూడదు, ఎందుకంటే హైడ్రోజన్ సల్ఫైడ్‌ను తొలగించిన తర్వాత కూడా రెండోది మిగిలిపోవచ్చు. నీచు వాసన ట్రైమీథైల్ అమీన్‌ను, మలం వాసన స్కటోల్, ఇండోల్‌లను, కనరెక్కిన వెన్న వాసన బ్యుటిరిక్ ఆమ్లాన్ని సూచిస్తాయి. గాలి చక్కగా అందుతున్న ఏరేషన్ ట్యాంకు దగ్గర సాధారణంగా మట్టి వాసన లేదా ముక్కిన వాసన వస్తుంది. అక్కడ కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఆక్సిజన్ చాలడం లేదేమోనని ముందుగా చూడాలి.

జవాబు 2:
పై జవాబు వాసన స్వభావానికి సంబంధించినది. తీవ్రతను, అది ఎంత అసహ్యంగా ఉందన్నదాన్ని వేర్వేరు గడుల్లో రాయాలి. మట్టి వాసన తీవ్రంగా ఉన్నా ఎవరినీ బాధించకపోవచ్చు, మలం వాసన లీలగా తగిలినా భరించలేకపోవచ్చు. అసహ్యతను −4 (అత్యంత అసహ్యం) నుంచి +4 (అత్యంత ఆహ్లాదం) వరకు కొలిచే పద్ధతి ఉంది. ప్రయోగశాలలో వాసన గాఢతను ఘనపు మీటరుకు ఇన్ని వాసన యూనిట్లని కొలుస్తారు, అంటే శిక్షణ పొందిన బృందంలో సగం మందికి మాత్రమే వాసన తెలిసే స్థితి వచ్చేందుకు ఆ గాలిని ఎన్ని రెట్లు పలుచన చేయాలో చూస్తారు.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. హైడ్రోజన్ సల్ఫైడ్ వంద కోట్ల భాగాల్లో కొన్ని భాగాలున్నా ముక్కుకు తెలుస్తుంది; కానీ పది లక్షల భాగాల్లో సుమారు 100 భాగాలకు చేరితే ఘ్రాణశక్తి మొద్దుబారి వాసనే తెలియకుండా పోతుంది. అందువల్ల వాసన ఆగిపోయిందని ఎవరూ మ్యాన్‌హోల్‌లోకి దిగకూడదు, గ్యాస్ మీటరు చూపిన విలువనే నమ్మాలి.

ప్రశ్న అడిగినవారు:
బురదలో సున్నం కలిపిన రోజున గుడ్డు వాసన తగ్గి, ముక్కుపుటాలు మండేంత ఘాటు వస్తోంది. దీన్ని కొత్త సమస్యగా రాయాలా?

జవాబు 1:
ప్రత్యేకంగా రాయండి, సున్నం కలిపిన సమయాన్ని కూడా పక్కనే నమోదు చేయండి. సున్నం వల్ల పీహెచ్ (క్షారత్వాన్ని చూపే కొలత) పెరిగి 9 దాటితే సల్ఫైడ్ దాదాపు అంతా అయాన్ రూపంలో నీటిలోనే ఉండిపోతుంది, అమోనియా మాత్రం వాయువుగా మారి బయటికి వస్తుంది. ఆ ఘాటు అమోనియాదే అయి ఉండాలి. దాని వెంట నీచు వాసన కూడా తగిలితే ట్రైమీథైల్ అమీన్ కూడా వెలువడుతోందని భావించవచ్చు.